"మమ్మును శోధనలోకి తేక" అంటాం కదా, దేవుడే తెస్తాడా?

సండేస్కూల్ అక్క

అందరికీ వందనాలు. మా సండేస్కూల్లో ఆరో తరగతి పిల్లవాడు ఒకడున్నాడు. వాక్యాలన్నీ కంఠతా వచ్చు, నాకు చిక్కు తెచ్చిందే ఆ కంఠస్థం. పోయిన ఆదివారం పరలోక ప్రార్థన అప్పజెప్పి ఊరుకోకుండా ఇలా అడిగాడు: "అక్కా, దేవుడు ఎవనిని శోధింపడు అని యాకోబు పత్రికలో నేర్పారు కదా. మరి ఆయన్నే 'మమ్మును శోధనలోకి తేక' అని ఎందుకు అడుగుతాం? మా పక్కింటి తాతయ్య మంచోడు. ఆయన దగ్గరికెళ్ళి 'తాతయ్యా, మా ఇంట్లో దొంగతనం చెయ్యొద్దు' అని రోజూ బతిమాలతామా?"

పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వేసి "వచ్చే వారం చెబుతా" అని తప్పించుకున్నాను. ఇంటికొచ్చి మత్తయి 6:13, యాకోబు 1:13 పక్కపక్కన పెట్టుకుంటే నాకూ అదే అనుమానం పట్టుకుంది. మా సంఘంలో ఒక పెద్దాయన్ని అడిగాను. "పిల్లలకు ప్రశ్నలు కాదమ్మా, ప్రార్థన నేర్పు" అన్నారు. ఆదివారం లోపు ఎవరైనా సాయం చేయండి, వాడికి అర్థమయ్యే భాషలో.

సువార్త సైనికుడు

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. శోధించేది సాతాను, దేవుడు కాదు. సింపుల్. ఇందులో చర్చించడానికేమీ లేదు.

గ్రీకు బడి

ఉంది బ్రదర్. ఆ పిల్లాడికి నా తరఫున ఒక చాక్లెట్ ఇవ్వండి అక్కా.

నేను వేదాంత కళాశాలలో రెండో ఏడు చదువుతున్నా, తప్పులుంటే పెద్దలు దిద్దాలి. కొత్త నిబంధన గ్రీకులో ఇక్కడున్న మాట 'పెయిరాస్మోస్'. దానికి రెండు అర్థాలు: పరీక్ష, పాపంలోకి లాగే ఎర. యాకోబు ఒకే అధ్యాయంలో ఈ రెంటినీ వాడేశాడు. 1:2లో "నానా విధములైన శోధనలలో" పడినప్పుడు ఆనందమనుకోండి అంటాడు, 13కి వచ్చేసరికి దేవుడు ఎవనినీ శోధింపడు అంటాడు. మొదటిది బడిలో మాస్టారు పెట్టే పరీక్ష, రెండోది గాలానికి గుచ్చిన ఎర. మాస్టారు పాసవ్వాలని పెడతాడు, గాలం వేసినవాడు చిక్కాలని వేస్తాడు.

ఇంగ్లీషువాళ్ళు రెంటికీ రెండు మాటలు పెట్టుకున్నారు. మనకు 'శోధన' ఒక్కటే. దాని సంస్కృత ధాతువు 'శుధ్', శుద్ధి కూడా అక్కడిదే. కంసాలి బంగారాన్ని శోధించడం అంటే మలినం తీయడం. ఆదికాండము 22లో కొడుకును బలి ఇమ్మని దేవుడు అబ్రాహామును పరీక్షించిన చోట మన అనువాదకులు 'పరిశోధించెను' అని ఒక ఉపసర్గ చేర్చారు. వాళ్ళకీ ఈ ఇబ్బంది తగిలే ఉంటుందని నా ఊహ, ఊహే సుమా.

ఇక మీవాడి అసలు ప్రశ్నకు మత్తయి 4:1 చూపించండి: "అప్పుడు యేసు అపవాదిచేత శోధింపబడుటకు ఆత్మ వలన అరణ్యమునకు కొనిపోబడెను." ఒక్క వాక్యంలో ఇద్దరున్నారు. తీసుకెళ్ళింది ఆత్మ, ఎర వేసింది అపవాది, అంటే సాతాను. కాబట్టి "మమ్మును శోధనలోకి తేక" అంటే "మా ఇంట్లో దొంగతనం చెయ్యొద్దు" అనడం కాదు, "ఆ అడవి దారిన నన్ను తీసుకెళ్ళకు తండ్రీ, నాకంత బలం లేదు" అనడం. నాకలా అర్థమైంది.

గుణదల కోడలు

పుట్టింది బాప్టిస్టు ఇంట్లో, మెట్టింది కథోలిక ఇంట్లో, కనుక ఈ తగువు రెండు వైపులా విన్నాను. ఇదే వాక్యం మీద పోప్ ఫ్రాన్సిస్ 2017 డిసెంబరులో ఒక టీవీ ఇంటర్వ్యూలో మాట్లాడారు. మనల్ని శోధనలోకి నెట్టి, ఎలా పడతామో చూసేవాడు తండ్రి కాడు, ఆ పని సాతానుది, ఈ అనువాదం బాగాలేదు అన్నది ఆయన మాటల సారం. ఆ నెల 3వ తేదీ నుంచే ఫ్రాన్సు గుడుల్లో "మమ్మును శోధనలో ప్రవేశింపనియ్యకుము" అన్న అర్థం వచ్చేలా మార్చుకున్నారు. ఇటలీలో 2020 నవంబరు 29 నుంచి "శోధనకు మమ్మును విడిచిపెట్టకుము" అంటున్నారు. జర్మనీ బిషప్పులు మాత్రం మార్చేది లేదన్నారు.

గ్రీకు బడి

జర్మనీవాళ్ళతో ఏకీభవిస్తాను, క్షమించాలి. గ్రీకులో ఉన్నది 'లోపలికి తేవద్దు' అనే. 'పోనివ్వవద్దు' అనడం వ్యాఖ్యానం. మంచి వ్యాఖ్యానమే కావచ్చు. కానీ వాక్యం గుచ్చుకుంటోందని ముల్లు విరిచి పెడితే రేపు ఏ పిల్లాడూ ప్రశ్న అడగడు.

గుణదల కోడలు

మా అత్తగారికి చదివి వినిపించాను. "ఆయనకు మనమేమంటున్నామో తెలీదా ఏంటి" అన్నారు. కూర మాడుతోంది, తర్వాత వస్తా.

చెరువుగట్టు

నేను నమ్మేవాణ్ణి కాదు, ముందే చెబుతున్నా. గొడవకు రాలేదు.

ఈ 'చేయడం', 'అనుమతించడం' తేడా నాకెప్పుడూ మింగుడుపడదు. గజ ఈతగాడు చెరువు గట్టున కూర్చున్నాడు. పిల్లాడు మునుగుతున్నాడు. ఈతగాడు చూస్తూ కూర్చుని, తర్వాత "నేను తోయలేదు కదా" అంటే ఏ ఊరి పెద్దలైనా ఒప్పుకుంటారా? మీ దేవుడికి ఈత వచ్చు, చూపూ ఉంది, ప్రేమా ఉందంటారు. ఈ మూడింట్లో ఏదో ఒకటి వదులుకోవాలి. క్రీస్తు పూర్వపు గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ పేరు మీద చెప్పుకునే ప్రశ్న ఇదే, నాది కాదు.

పైగా మీ గ్రంథంలోనే యెషయా 45:7 ఉంది: "సమాధానకర్తను కీడును కలుగజేయువాడను". తర్వాత పాపంగా ఎంచిన దావీదు రాజు జనాభా లెక్క సంగతి చూడండి. 2 సమూయేలు 24లో దావీదును ప్రేరేపించింది యెహోవా కోపం. అదే కథ 1 దినవృత్తాంతములు 21లో చెబుతూ ప్రేరేపించింది సాతాను అన్నారు. రాసినవాళ్ళకే తేలలేదు, ఆరో తరగతివాడికి ఎలా తేలుతుంది?

సువార్త సైనికుడు

దేవుడు మనిషిని మరబొమ్మలా చేయలేదు బ్రదర్. స్వేచ్ఛ ఇచ్చాడు. ప్రేమించే స్వేచ్ఛ ఉంటే ద్వేషించే స్వేచ్ఛా ఉంటుంది. చెడు మనిషి తెచ్చుకున్నదే.

గ్రీకు బడి

సైనికుడు గారు చెప్పింది చిన్న వాదన కాదు. 1955లో మాకీ అనే ఆస్ట్రేలియా తత్వవేత్త, సర్వశక్తిమంతుడైన మంచి దేవుడూ చెడూ ఒకేచోట ఉండటం తర్కానికే పొసగదన్నాడు. 1970లలో అమెరికా తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా స్వేచ్ఛ ఆధారంగా జవాబిచ్చాడు. అందులో పొసగనిదేమీ లేదని ఆయన చూపించాడని నాస్తికుల్లోనూ చాలామంది ఒప్పుకున్నారు. అయితే ఆ జవాబు 'ఎందుకు' అన్నది చెప్పదు. 'కుదరదు' అన్నవాడికి 'కుదురుతుంది' అని మాత్రం చెబుతుంది.

యెషయాలో 'కీడు' అన్నచోట ఉన్న హీబ్రూ మాట 'రా'. దానికి దుర్మార్గమనీ ఆపద అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. అక్కడ 'సమాధానం' పక్కన నిలబెట్టారు కాబట్టి ఆపద అనే అర్థమే పొసగుతుంది. దావీదు సంగతికి మాత్రం నా దగ్గర అరచేతిలో జవాబు లేదు. ఒకే సంఘటనలో ఇద్దరి చేతులున్నాయని చెప్పే పద్ధతి యోబు గ్రంథంలోనూ ఉంది.

చెరువుగట్టు

సరే, స్వేచ్ఛ అనుకుందాం. పరలోకంలో స్వేచ్ఛ ఉంటుందా? ఉంటే అక్కడ పాపం ఎందుకుండదు? ఉండదంటే, స్వేచ్ఛ ఉండి కూడా పాపం లేని లోకం కుదురుతుందనేగా. దాన్నే మొదట చేసి ఉండొచ్చుగా.

గ్రీకు బడి

మా క్లాసులో ఈ ప్రశ్న వచ్చినప్పుడు గంట కొట్టేశారు. (నిజంగానే.)

ప్రాచీన సంఘ వేదాంతి అగస్టీను ఏమన్నాడంటే, పాపం చేయకుండా ఉండగలగడం ఆదాముకిచ్చిన స్వేచ్ఛ, పాపం చేయలేకపోవడం పరలోకంలో దొరికే స్వేచ్ఛ, రెండోదే పెద్దది. మరి పెద్దదే ముందివ్వొచ్చుగా అంటారు మీరు. దానికి ఆయనకంటే రెండు వందల ఏళ్ళ ముందు లియోన్స్ బిషప్పు ఐరేనియస్ ఒక పోలిక చెప్పాడు. తల్లి పసిబిడ్డకు గట్టి అన్నం పెట్టగలదు, బిడ్డే తినలేడు. లోపం తల్లిలో లేదు, బిడ్డ ఇంకా బిడ్డే. మనిషిని దేవుడు ఎదగవలసినవాడిగా చేశాడని ఐరేనియస్ మాట.

చెరువుగట్టు

అన్నప్రాశన వాదం! నచ్చింది. ఒప్పుకోను కానీ నచ్చింది. ఎదిగేలోపు చచ్చిపోయే బిడ్డల సంగతి?

లెక్కల మాస్టారు

రెండు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ.

1977 నవంబరు 19, శనివారం. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, దివిసీమలో బడిపంతులుగా చేరి ఏడాది. ఉప్పెన సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు, మన జిల్లాలవాళ్ళందరికీ తెలుసు. వేలమంది పోయారు. నీళ్ళు తీశాక నా హాజరు పట్టీ దొరికింది, తడిసి అట్టకు అతుక్కుపోయి. అందులో పేర్లున్నాయి, పిల్లలు లేరు. ఎంతమంది అని రాయను. లెక్కల మాస్టారికి ఒక్కోసారి లెక్క చెప్పబుద్ధి కాదు.

తర్వాత కొన్నాళ్ళకు బయటి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చి పందిట్లో నిలబడి, ఈ తీరం పాపం పండింది గనకే సముద్రం లేచింది అన్నాడు. నా పక్కన కూర్చున్న ముసలాయన, నలుగురు మనవల్ని పోగొట్టుకున్నవాడు, లేచి కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. అది నన్ను ఇప్పటికీ తినేస్తుంది.

ఆ రాత్రి లాంతరు దగ్గర లూకా 13 తీశాను. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోయారు. వాళ్ళు యెరూషలేములో ఉన్న అందరికంటే అపరాధులనుకుంటున్నారా అని యేసు అడిగి, కారని తానే చెప్పాడు. గోపురం ఎందుకు కూలిందో చెప్పలేదు. చెప్పగలిగినవాడే, చెప్పలేదు. ఆ పందిరి కింద కావలసింది ఆ ఒక్క 'కారు' అన్న మాట.

సువార్త సైనికుడు

మాస్టారూ, మీ దుఃఖానికి గౌరవమిస్తూనే చెబుతున్నా, ఆ వాక్యం అక్కడ ఆగదు. "మీరు మారుమనస్సు పొందనియెడల మీరందరును ఆలాగే నశింతురు" అని ఉంది.

లెక్కల మాస్టారు

ఉంది బాబూ. అది బతికున్నవాళ్ళతో వాళ్ళ గురించి అన్న మాట. ఆ ప్రసంగీకుడు దాన్ని చచ్చినవాళ్ళ మీద వాడాడు. తేడా అక్కడే.

తెనాలి పాఠకుడు

నేను హిందువును, ఊరికే చదువుతుంటా ఇక్కడ. మా ఇళ్ళలో దీనికి కర్మ అనేస్తాం, కనీసం ఖాతా సరిపోతుంది. మీకు పునర్జన్మ లేదు కనుక బాకీ ఈ జన్మలోనే తేలాలి, అందుకే ఈ తిప్పలనుకుంటా. గజేంద్రుడు కూడా మడుగులో మొసలి పట్టులో ఉండి, ఉన్నాడంటారే, అసలున్నాడా అని అనుమానపడ్డాడు. ఆ అనుమానాన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

గ్రీకు బడి

అయ్యా, యోహాను 9 చదవండి, మీకు నచ్చుతుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి శిష్యులు "ఎవడు పాపము చేసెను, వీడా, వీని కన్నవారా?" అని అడిగారు. పుట్టకముందే పాపం ఎలా చేస్తాడో వాళ్ళకే తెలియాలి! యేసు ఇద్దరూ కాదన్నాడు. ఖాతా పుస్తకం మూసేశాడు. తర్వాత ఉమ్మితో బురద చేసి వాడి కళ్ళకు పూశాడు.

ఒంగోలు కుర్రాడు

కీడులోంచి దేవుడు మేలు తీస్తాడు అనడానికి మా ఊరే సాక్షి. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కొన్ని మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని మా పెద్దలకు కూలీ ఇప్పించాడు. కరువు ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా తాత ముత్తాత అందులో ఉన్నాడని ఇంట్లో చెబుతారు. తనను గోతిలో పడేసి అమ్మేసిన అన్నలతో యోసేపు అన్నట్టే, మీరు కీడు తలపెట్టారు, దేవుడు మేలుకు తిప్పాడు.

చెరువుగట్టు

అంటే సంఘం పెరగడానికి లక్షలమంది ఆకలితో చావాలా? ఇది మేలా తమ్ముడూ?

ఆ కరువును 'దేవుడు అనుమతించాడు' అనేముందు సంతకాలు పెట్టినవాళ్ళను చూడండి. వైస్రాయ్ లిట్టన్ ధాన్యం ఎగుమతులు ఆపలేదు. 1877లో ఆయన పంపిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌండంటే అరకిలో కూడా రాదు, రోజంతా మట్టి తవ్వినవాడికి. వానను దేవుడు ఆపాడనుకుందాం, గింజను ఆపింది కచేరీ. పై వాడి మీద తోసేస్తే కింది వాళ్ళంతా బతికిపోతారు. నాకు మీ 'దేవుని అనుమతి' మాట మీద ఉన్న అసలు కోపం ఇది.

ఒంగోలు కుర్రాడు

అన్నా, జవాబు వెంటనే తట్టలేదు, రాత్రంతా ఆలోచించా. 'కరువు మంచిదే' అని నేననలేదు, కానీ నా రాతలో అలా ధ్వనించింది. యోసేపు మాటలో "మీరు నాకు కీడు చేయనుద్దేశించితిరి" అనే ముక్క ముందుంది. అన్నలు చేసింది కీడే అని పేరు పెట్టాకే రెండో మాట. నేను మొదటి ముక్క మింగేసి రెండోది చెప్పాను. పైగా ఆ మాట అనే హక్కు గోతిలో పడ్డ యోసేపుది. నేను గోతిలో పడలేదు.

నిర్వాహకులు

మతమార్పిళ్ళ మీద వచ్చిన మూడు వ్యాఖ్యలు తీసేశాం. దానికి వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి.

నిశ్శబ్దం

మొదటిసారి రాస్తున్నాను. మా పాప ఎనిమిదో నెలలో పోయింది, రెండేళ్ళవుతోంది. పలకరింపుకు వచ్చినవాళ్ళు చాలా చెప్పారు. దేవుడు తన తోటకు మంచి పువ్వును కోసుకున్నాడన్నారు. కోసుకునేవాడికి అంత పెద్ద తోట ఉండగా మా కుండీయే కావాల్సొచ్చిందా అని లోపల అనుకున్నాను. ఇంకొకరు "సహించగలిగినంతకంటే ఎక్కువ ఇవ్వడమ్మా" అన్నారు. అంటే నేను గట్టిదాన్ని కావడం వల్ల పాప పోయిందా?

గుడికి వెళ్తున్నాను, మానలేదు. పరలోక ప్రార్థనలో "నీ చిత్తము నెరవేరును గాక" దగ్గర నోరు రాదు. ఆ ఒక్క చోట ఆగి, మళ్ళీ "మా అనుదినాహారము" దగ్గర కలుస్తాను. ఇది పాపమా? తెలిసినవారు చెప్పండి.

గ్రీకు బడి

అక్కా, రెండోదాని గురించి మాత్రమే నాకు తెలుసు, అది చెబుతాను. ఆ వాక్యం 1 కొరింథీయులకు 10:13. ఆ అధ్యాయమంతా విగ్రహాలు, వ్యభిచారం, సణుగుడు అన్న పాపపు ఎరల గురించి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి గురించి కాదు. అదే సంఘానికి రాసిన రెండో పత్రికలో పౌలు తన సంగతి చెప్పుకుంటూ "మా శక్తికి మించిన అత్యధిక భారమువలన క్రుంగిపోతిమి" అన్నాడు, 1:8. శక్తికి మించి. ఆయనే అన్నాడు. మీతో ఆ మాట అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, పేజీ తిప్పలేదంతే.

చెరువుగట్టు

అమ్మా, నా దగ్గర చెప్పడానికేమీ లేదు. పైన "ఎదిగేలోపు చచ్చిపోయే బిడ్డలు" అని వాదన కోసం తేలిగ్గా రాశాను. క్షమించండి.

లెక్కల మాస్టారు

తల్లీ, పాపం కాదు.

యోబు అంటే ఆస్తినీ పిల్లల్నీ పోగొట్టుకున్న నీతిమంతుడు. ఆయన గ్రంథం 42 అధ్యాయాలు. మనవాళ్ళు మొదటి అధ్యాయంలో "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" దగ్గర ఆగి సమాధుల మీద చెక్కించుకుంటారు. మూడో అధ్యాయంలో ఆయనే తాను పుట్టిన దినాన్ని శపించాడు, దాన్ని ఎవరూ చెక్కించుకోరు. స్నేహితులు ముగ్గురూ వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. ఆ ఏడు రోజులూ వాళ్ళు మంచివాళ్ళే. నోరు విప్పాకే చెడ్డారు. దేవుడు నీతిమంతుడు, నువ్వేదో చేసుంటావు అని పద్ధతిగా, దేవుని పక్షాన వాదించారు. యోబు వాళ్ళను "పనికిమాలిన వైద్యులు" అన్నాడు. చివర దేవుడే వచ్చి, నా గురించి యోబు పలికినట్టు మీరు సరిగ్గా పలకలేదన్నాడు. తన పక్షాన వాదించినవాళ్ళను కాదని, తనతో పోట్లాడినవాణ్ణి మెచ్చుకున్నాడు.

ఇంకో సంగతి. మొదటి రెండు అధ్యాయాల్లో పరలోకంలో సాతానుతో జరిగిన మాటలు చదివేవాళ్ళకు తెలుసు, యోబుకు చివరిదాకా ఎవరూ చెప్పలేదు. దేవుడు సుడిగాలిలోంచి నాలుగు అధ్యాయాలు మాట్లాడి కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఎందుకు చెప్పలేదని నేను నలభై ఏళ్ళుగా అడుగుతున్నాను. చెబితే ఊరట కలిగేదా? నీ పదిమంది పిల్లలు ఇందుకు పోయారని కారణం చెబితే ఏ తండ్రి "ఓహో, సరే" అంటాడు? సరిపోయే కారణం ఉంటే అదింకా భయంకరం అనిపిస్తుంది నాకు. ఇది నా మాట, వేదాంతం కాదు.

సిలువ మీద యేసు కూడా "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్నాడు. ఆయనకూ జవాబు రాలేదు ఆ మధ్యాహ్నం. నువ్వు ఆగే చోట ఆగు.

సువార్త సైనికుడు

మాస్టారూ, మా నాన్నగారు పోయినప్పుడు నేను స్టేజి మీద నిలబడి 'ఆనందించుడి' అని ప్రసంగం చేశాను. దిగాక బాత్రూములో ఏడ్చాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. సిస్టర్, మీకోసం ప్రార్థిస్తాను, ఇంకేమీ చెప్పను.

సండేస్కూల్ అక్క

ఆదివారం అయింది. మావాడికి అడవి దారి సంగతి చెప్పాను, ఆత్మ తీసుకెళ్ళడం, అపవాది ఎర వేయడం, రెండూ. శ్రద్ధగా విని, "అయితే యేసయ్యను మాత్రం ఆ దారిన తీసుకెళ్ళాడుగా, మనల్ని వద్దంటే ఎలా?" అన్నాడు. నా దగ్గర ఇంకో వారం గడువుంది. గ్రీకు బడి తమ్ముడూ, ఎక్కడున్నావ్?

గ్రీకు బడి

పరీక్షలక్కా, సోమవారం నుంచి. నన్ను శోధనలోకి తెచ్చేశారు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో "మీరు శోధనలో ప్రవేశించకుండునట్లు మెలకువగా ఉండి ప్రార్థన చేయుడి" అని శిష్యులతో చెప్పి, తాను మాత్రం లోపలికి వెళ్ళాడు కదా, మత్తయి 26:41. అక్కడి నుంచి మొదలుపెట్టండి. మిగతాది పరీక్షలయ్యాక.

నిశ్శబ్దం

ఈ వారం కూడా అక్కడ నోరు రాలేదు. మా వరసలో కూర్చునే అమ్మమ్మ ఒకావిడ ఉంది, పేరు కూడా తెలీదు నాకు. నేనక్కడ ఆగడం గమనించినట్టుంది. ఆ వాక్యం రాగానే నా చెయ్యి పట్టుకుని, ఇద్దరికీ సరిపడా గట్టిగా తనే చెప్పేసింది. "అనుదినాహారము" దగ్గర వదిలేసింది.

మాస్టారూ, యోబు మూడో అధ్యాయం తీశాను. మెల్లగా చదువుతున్నా.